కొత్తవాళ్ల చేత ముందు ఫారం నింపించు

అమ్మడూ,

ఇల్లులేనివాళ్ల షెల్టర్‌లో పనికి కొత్తగా చేరిన ఎనిమిది మందికి పని నేర్పే బాధ్యత నీమీద పడిందని రాశావు. మూడు రోజుల తరగతుల పట్టిక చూశాను. బాగానే ఉంది కానీ, అంతా నువ్వు చెప్పడమే, వాళ్లు చేసేదేమీ లేదు. ఇలాంటి తరగతులు నేనూ బోలెడు నడిపాను, అందులో సగం దండగ. ఆ అనుభవంతోనే నాలుగు మాటలు రాస్తున్నా.

మొదటి రోజు పొద్దున్నే స్లయిడ్లు వెయ్యకు. తలదాచుకోడానికి వచ్చినవాళ్లతో మనం నింపించే ఫారం ఉంది కదా, దాన్ని కొత్తవాళ్ల చేతికిచ్చి ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూచోబెట్టు. ఒకరు అడగాలి, ఒకరు తమ గురించే చెప్పాలి. ఇంట్లోంచి ఎందుకు బయటికొచ్చారు? జైలుకెళ్లారా? మందు అలవాటుందా? మానసిక జబ్బుకి మందులు వాడారా? నిజం చెప్పక్కర్లేదని ముందే చెప్పెయ్యి. ఏ ప్రశ్న దగ్గర నోరు పెగల్లేదో మాత్రం గుర్తుపెట్టుకోమను. మొదట్లో నవ్వుకుంటారు. నాలుగో ప్రశ్నకి గది చల్లబడిపోతుంది. ఓసారి ఒకమ్మాయి పెన్ను బల్ల మీద పెట్టేసి, "ఇవన్నీ మీకెందుకండీ?" అని నన్నే నిలదీసింది. ఆ మాటే బోర్డు మీద రాయించాను.

తర్వాత ఒక్కో ప్రశ్న దగ్గర ఆగి, ఈ రాత్రికి ఇది తెలియకపోతే కొంప మునుగుతుందా అని అడుగు. పేరు, ఒంట్లో ఎలా ఉంది, మానకూడని మందులున్నాయా, ఎవరివల్లనైనా భయముందా... దాదాపు ఇంతే మిగులుతుంది. తక్కినవి వారం పోయాక అడిగినా నష్టం లేదు. రెండు రాత్రులు నిద్రలేని మనిషి చేత బతుకు కథంతా చెప్పించుకుని మనం బావుకునేది ఏమీ లేదు.

ట్రామా, అంటే మనసుకి తగిలిన గాయం గురించిన పాఠం చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త. చిన్నప్పటి దెబ్బలకీ పెద్దయ్యాక వచ్చే జబ్బులకీ ఉన్న ముడిని 1998లో ఫెలిటి, ఆండా అనే డాక్టర్లు చూపించారు కదా, అది విన్న కొత్తవాళ్లు మర్నాడే ప్రతివాళ్ల బాల్యాన్నీ తవ్వడం మొదలుపెడతారు! గాయం ఉండే ఉంటుందనుకుని మెలగడం వేరు, దాన్ని విప్పి చూపించమనడం వేరు. పడుకున్నవాళ్లని తట్టి లేపకూడదు, ముఖం మీద టార్చి వెయ్యకూడదు, కాస్త దూరంగా కాళ్లవైపు నిలబడి పేరు పెట్టి పిలవాలి. మాట్లాడేటప్పుడు తలుపుకి అడ్డంగా నిలబడకూడదు. ట్రామా పాఠమంటే నా లెక్కలో ఇదే. నేలమీద దుప్పటి పరిచి చేయించి చూడు.

నేను చేసిన తప్పొకటి కూడా చెప్పు. వంతెన కింద ఉండే ఒక పెద్దాయనకి మంగళవారం పదింటికి వస్తానని మాటిచ్చాను. ఆరోజు మీటింగు తగిలింది, వెళ్లలేదు, కబురూ పంపలేదు. ఆయన మూట సర్దుకుని మధ్యాహ్నం దాకా కూచున్నాడట. మళ్లీ నా మొహం చూడ్డానికి ఐదు నెలలు పట్టింది. అందుకే నా దగ్గర చేరినవాళ్లకి "ప్రయత్నిస్తాను", "చూద్దాం" అనే మాటలు నిషేధం. చెయ్యగలిగిందే చెప్పాలి, చెప్పిన వేళకి కనిపించాలి.

ఒక పూట మొత్తం "తాగున్నాడు" అనే మాటకి కేటాయించు. మాట ముద్దగా వస్తూ, అడుగు తడబడుతుంటే మనవాళ్లు చటుక్కున అనేది అదే. రక్తంలో చక్కెర పడిపోయినా, తలకి దెబ్బ తగిలినా, చలికి ఒళ్లు బిగుసుకుపోతున్నా మనిషి అచ్చం అలాగే కనిపిస్తాడు. చలిలో వణుకుతున్నవాడు ఉన్నట్టుండి వణకడం మానేస్తే కుదుటపడ్డాడని కాదు, పరుగెత్తాలని. హెరాయిన్ లాంటి ఓపియాయిడ్ మత్తు ఎక్కువై ఊపిరి ఆగుతున్నవాళ్లకి నాలోక్సోన్ అనే విరుగుడు మందు ఇవ్వడం చేత్తో పట్టించి నేర్పించు. దాని పని 30 నుంచి 90 నిమిషాలే. లేచి కూచున్నాడు కదా అని వదిలేస్తే మళ్లీ పడిపోవచ్చు, అంబులెన్స్ వచ్చేదాకా పక్కనుండాలి.

మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్‌కి, అంటే మారాలన్న కోరికని ఎదుటివాళ్ల నోటే రప్పించే మాటతీరుకి, నువ్వు గంట పెట్టావు. విలియం మిల్లర్ అనే మనస్తత్వవేత్త తాగుడు మాన్పించే చికిత్సలోంచి దాన్ని తీసి 1983లో రాశాడు. గంటలో చెప్పెయ్యొచ్చు, గంటలో రాదు. "మానాలనే ఉందమ్మా, తాగకపోతే నిద్ర పట్టదు" అని తాగుడు అలవాటున్న ఒకాయన అంటే, మనవాడు లివరు గురించి ఉపన్యాసం మొదలుపెడతాడు. దానికి బదులు "నిద్ర కోసం తాగుతున్నారు, మానాలనీ ఉంది" అని ఊరుకోమను. ఆ ఊరుకోవడమే కష్టం. పది సెకన్లు లెక్కపెట్టించు, చెమటలు పడతాయి వాళ్లకి.

ముందు మారాలి, ఆ తర్వాతే ఇల్లు అనే పట్టుదల కొందరికి ఉంటుంది. వాళ్లతో వాదించకు. శామ్ సెంబెరిస్ అనే మనస్తత్వవేత్త 1992లో న్యూయార్క్‌లో ముందు ఇల్లిచ్చి చూశాడు. కెనడా 2009 నుంచి 2013 దాకా ఐదు నగరాల్లో పరీక్షించింది, అలా ఇల్లు పొందినవాళ్లే ఎక్కువ కాలం ఇంట్లో నిలబడ్డారు. ఇది చెప్పి వదిలెయ్యి.

ఒకప్పుడు బయట పడుకుని ఇప్పుడు కుదురుకున్నవాళ్లని పిలుస్తానన్నావు. సంతోషం. కథ చెప్పి కంటతడి పెట్టించి వెళ్లడానికైతే మాత్రం వద్దు. వాళ్లనీ శిక్షకులుగానే కూచోబెట్టు, నీకిచ్చినంతే వాళ్లకీ ఇప్పించు, ఫారం దిద్దే పని వాళ్ల చేతికివ్వు.

మూడో రోజు సాయంత్రం సర్టిఫికెట్లు వద్దు, మూడో నెలకి జరుపు. ఆలోగా ఒక్కొక్కరినీ అనుభవమున్నవాళ్ల వెనక రౌండ్లకి తిప్పు, వారానికో గంట కూచుని ఏం జరిగిందో చెప్పించుకో. తరగతిలో వచ్చిన నేర్పు, వెనకాల దిద్దేవాళ్లు లేకపోతే నెలల్లో కరిగిపోతుంది. వాళ్లకి తెలిసిన మనిషి చనిపోయే రోజు కూడా వస్తుంది. ఆ రాత్రి వాళ్లు ఎవరికి ఫోన్ చెయ్యాలో ఇప్పుడే కాగితం మీద పెట్టు.

మీ ఫారంలో ఎన్ని ప్రశ్నలు కొట్టేశారో రాయి. మా దగ్గర ఇరవై ఆరులో ఏడే మిగిలాయి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ