గాలి ముద్దుకృష్ణమ నాయుడు ఎన్నిసార్లు గెలిచారు, పుత్తూరు నుంచి నగరికి ఎందుకు మారారు?

ఆరుసార్లు ఎమ్మెల్యేగా గెలిచారు. 1983లో ఎన్టీఆర్ పార్టీ పెట్టిన కొత్తలో పుత్తూరు నుంచి గెలిచి, అక్కడే 1985, 1989, 1994లోనూ నెగ్గారు. ఎన్టీఆర్ ప్రభుత్వంలో విద్య, అటవీ లాంటి శాఖలు చూశారు. 1999లో ఓడిపోయారు, 2004లో కాంగ్రెస్ తరఫున మళ్ళీ పుత్తూరులోనే గెలిచి, తర్వాత సొంత గూటికి, అంటే టీడీపీకి వచ్చేశారు.

నగరికి మారడం ఆయన సరదా కాదండీ. 2009 నాటికి నియోజకవర్గాల పునర్విభజనలో పుత్తూరు సీటే లేకుండా పోయింది, పుత్తూరు టౌను వెళ్ళి నగరిలో కలిసింది, అంటే ఆయన ఓటర్లలో చాలామంది అటే వెళ్ళారు కాబట్టి ఈయనా అక్కడికే వెళ్ళి 2009లో గెలిచారు. విరిగిన ఎముకలకు కట్టు కట్టే ఊరుగా అందరికీ తెలిసిన పుత్తూరుకి ఇప్పుడు తన పేరుతో సీటు లేదంటే మా తిరుపతి వాళ్ళకే ఇంకా వింతగా ఉంటుంది. పైగా 2022లో జిల్లాలు విడదీశాక పుత్తూరు, వడమాలపేట తిరుపతి జిల్లాలోకి, నగరి మాత్రం చిత్తూరు జిల్లాలోకి వచ్చాయి. నియోజకవర్గం ఒకటే, కలెక్టర్లు ఇద్దరు!

2014లో రోజా చేతిలో 858 ఓట్లతో ఓడారు. ఒకట్రెండు పోలింగ్ బూత్‌ల ఓట్లంత తేడా, అన్నేళ్ళ సీనియర్‌కి అది ఎంత బాధో ఊహించండి. తర్వాత ఎమ్మెల్సీ అయ్యారు, ఆ పదవిలో ఉండగానే 2018 ఫిబ్రవరిలో చనిపోయారు. కొడుకు భాను ప్రకాష్ 2019లో రోజా చేతిలోనే ఓడి, 2024లో ఆమెపైనే గెలిచారు.