సోంపు కషాయంతో కీళ్లవాతం తగ్గినట్టేనా? మాత్రలు మానేయొచ్చా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. మా అమ్మకు 52 ఏళ్లు. రెండేళ్లుగా వేళ్ల కణుపులు, మణికట్లు వాచి నొప్పి పెడుతున్నాయి. పొద్దున్న లేచాక గంటసేపు చేతులు బిగుసుకుపోయి చీపురు కూడా పట్టలేకపోయేది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని చెప్పి, వారానికోసారి వేసుకోమని మెథోట్రెక్సేట్ రాశారు. వేసుకున్న మర్నాడంతా వికారం, తిండి సయించదు. సోంపు తాగితే ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు) పోతుందని మా పిన్ని ఏదో వీడియో చూపించింది. రెండు నెలలుగా అమ్మ మాత్రలు మానేసి, సోంపు, అనాసపువ్వు వేసి కాచిన కషాయం రెండుపూటలా తాగుతోంది. సంతలో కొన్న వాతం పొడి కూడా వేసుకుంటోంది. మూడో రోజుకే నొప్పులు పోయాయి. రక్తపరీక్షలో సీఆర్‌పీ 38 నుంచి 9కి దిగింది. ఆకలి పెరిగి, ముఖం కూడా నిండుగా వచ్చింది. ఇక మాత్రలతో పనిలేదంటోంది. నిజమేనా డాక్టర్ గారూ?
– ఒక పాఠకురాలు, కోనసీమ

సమాధానం: మీరు అడిగింది సోంపు గురించి. నాకు టెన్షన్ పెట్టింది మాత్రం మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన ఆ పొడి. ముందు దాని సంగతి చూద్దాం.

రెండేళ్ల నాటి కీళ్లవాతం మూడు రోజుల్లో పోయిందంటే డాక్టర్లు సంతోషించరు, అనుమానిస్తారు. ఈ జబ్బుకు ప్రధానమైన మందు మెథోట్రెక్సేట్. అది కూడా పనిచేయడం మొదలుపెట్టడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. రెండు మూడు రోజుల్లో వాపు లాగేసి, దాంతోపాటు ఆకలి పెంచి, ముఖాన్ని గుండ్రంగా చేసేది స్టెరాయిడ్. పొడిని ల్యాబ్‌లో పరీక్షిస్తే గానీ రూఢి కాదు, కానీ మీరు రాసిన మూడు లక్షణాలూ అటే చూపిస్తున్నాయి. ఇదేమీ మన సంతలకే పరిమితమైన మోసం కాదు. కీళ్లనొప్పులకు సహజమైనదంటూ అమ్మిన ఒక ఉత్పత్తిలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, డైక్లోఫినాక్ అనే నొప్పి మందు ఉన్నాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లో హెచ్చరించింది. లేబుల్ మీద ఆ రెండు పేర్లూ లేవు.

మరి సీఆర్‌పీ తగ్గింది కదా అంటారు. స్టెరాయిడ్ పడితే అది తగ్గుతుంది. సీఆర్‌పీ కాలేయంలో తయారయ్యే ప్రొటీన్. ఒంట్లో వాపు ఎంత ఉందో చెబుతుందే గానీ, దాన్ని తగ్గించింది కషాయమో పొడో చెప్పదు. ఈలోగా డోసు తెలియని స్టెరాయిడ్ రోజూ లోపలికి వెళ్తుంటే షుగర్, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి, లోపల టీబీ లాంటిదేమైనా నక్కి ఉంటే బయటపడుతుంది. డైక్లోఫినాక్ కూడా కలిసి ఉంటే కిడ్నీలకూ, కడుపుకూ ముప్పు.

ఇది చదివి కంగారుపడి పొట్లం మురుగుకాలవలో పారేయకండి. రెండు నెలలు బయటి స్టెరాయిడ్‌కు అలవాటు పడితే, కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు తమ స్టెరాయిడ్ తాము తయారుచేసుకోవడం తగ్గించేస్తాయి. ఉన్నట్టుండి ఆపితే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం, ఒక్కోసారి స్పృహ తప్పడం జరగవచ్చు. అలా జరిగితే ఆలస్యం చేయకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి. అలా కాకపోయినా రేపే అమ్మగారిని వెంటబెట్టుకుని, పొడి పొట్లంతో సహా, మందు రాసిన డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వాళ్లు అందుబాటులో లేకపోతే అమలాపురం ప్రభుత్వాసుపత్రిలోనో, కాకినాడ జీజీహెచ్ జనరల్ మెడిసిన్ ఓపీలోనో చూపించండి. షుగర్, బీపీ, క్రియాటినిన్, పొటాషియం, ఉదయం పూట కార్టిసాల్ చూస్తారు. అవసరమైతే తెలిసిన డోసులో స్టెరాయిడ్ ఇచ్చి, మెల్లమెల్లగా తగ్గిస్తారు.

ఇక సోంపు. ఇన్‌ఫ్లమేషన్ గురించి పరిశోధనల్లో తరచూ కనిపించేది ఎనిస్ అనే గింజ. మధ్యధరా తూర్పు తీరాల పంట, బూడిదరంగులో సన్నగా ఉంటుంది. మన కిరాణా కొట్లో సోంపు అని కట్టిచ్చేది సాధారణంగా ఫెనెల్. లక్నో సోంపు అని అమ్మే సన్నగింజ కూడా ఫెనెల్ రకమే. బిర్యానీలో వేసే అనాసపువ్వు మరో చెట్టు కాయ. ఈ మూడింటికీ ఒకే రకం వాసన రావడానికి కారణం ఎనిథోల్ అనే పదార్థం. వీడియోలు చేసేవాళ్లకు ఆ వాసన సరిపోయింది, మూడింటినీ కలిపేశారు.

ఎనిథోల్‌కు వాపు తగ్గించే గుణం లేదని నేననను. ఎలుకల పాదంలో మందు గుచ్చి వాపు తెప్పించి, ఎనిథోల్ ఇస్తే ఆ వాపు తగ్గింది. కానీ అది గంటల్లో వచ్చి పోయే వాపు. అమ్మగారిది తన రోగనిరోధక వ్యవస్థే కీళ్లపొర మీద ఏళ్ల తరబడి చేస్తున్న దాడి. పైగా ఎలుకలకు ఇచ్చిన డోసు కిలో బరువుకు వందల మిల్లీగ్రాములు. ఎలుకకూ మనిషికీ ఉన్న తేడాను సర్ది లెక్కగట్టినా, అరవై కిలోల మనిషికి రెండు గ్రాముల పైచిలుకు కావాలి. ఒక చెంచా ఎనిస్ గింజల్లో ఉండే నూనె మొత్తం కలిపి పదో వంతు గ్రాముకు అటూ ఇటూ. అంటే ఇరవై చెంచాల పైనే నమలాలి. కషాయంలో అదీ దిగదు, ఎనిథోల్ నీళ్లలో సరిగా కరగదు. అలాగని సీసాలో అమ్మే నూనె తాగకండి, ఎక్కువైతే వాంతులు, ఫిట్స్ రావచ్చు. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో మెథోట్రెక్సేట్ స్థానంలో సోంపును వాడదగినదని చూపిన మానవ పరీక్షేదీ లేదు.

మొక్కల్లో మందు లేదన్న వాదన కాదు ఇది. కంచెల మీద ఎర్రగా, పసుపుగా పూసే అడవినాభిలో కోల్చిసిన్ ఉంది. యూరిక్ ఆసిడ్ వల్ల వచ్చే గౌట్ నొప్పికి మేం రాసే మాత్ర అదే. అదే మొక్క దుంప నమిలితే ప్రాణం పోతుంది. మాత్రలో అయితే ఎంత ఉందో తెలుసు, దుంపలో తెలియదు.

భోజనం తర్వాత గుప్పెడు సోంపు నమలడానికో, ఒక కప్పు సోంపు నీళ్లకో నాకు అభ్యంతరం లేదు. ఉబ్బరానికి కాస్త హాయిగానే ఉంటుంది. రొమ్ము క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు మాత్రం రోజూ కషాయంలా తాగే ముందు తమ డాక్టర్‌ను అడగాలి, ఎనిథోల్‌కు స్త్రీ హార్మోన్ ఈస్ట్రోజన్ లాంటి గుణం కొంత ఉంది. అనాసపువ్వు కషాయం ఇంట్లో పసిపిల్లలకు పట్టకండి. దాన్ని పోలిన జపాన్ రకం విషపూరితం, ఎండాక రెండింటినీ కంటితో వేరుచేయలేం. ఆ టీలు తాగిన పసివాళ్లకు ఫిట్స్ వచ్చాయని ఎఫ్‌డీఏ 2003లోనే హెచ్చరించింది.

నా లెక్కలో అసలు చిక్కు వికారం. దాన్ని అప్పుడే ఎవరైనా పట్టించుకుని ఉంటే అమ్మగారు సంత దాకా వెళ్లేవారు కాదేమో. దానికి దారులున్నాయి. మాత్ర రాత్రి అన్నం తిన్నాక వేసుకోవడం, వారం డోసును అదే రోజు రెండు పూటలకు విడగొట్టడం, ఫోలిక్ ఆసిడ్ సరిగా ఇవ్వడం, అప్పటికీ పడకపోతే అదే మందును చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇవ్వడం. అస్సలు పడనివాళ్లకు వేరే మందులున్నాయి. రెండు నెలల విరామం తర్వాత మీ అంతట మీరు మొదలుపెట్టకండి, రక్తకణాలు, లివర్, కిడ్నీ పరీక్షలు చూసి డాక్టరే మొదలుపెట్టాలి. ఒకటి గట్టిగా గుర్తుంచుకోండి: అది వారానికోసారి వేసుకునే మందు. రోజూ వేసుకుంటే ప్రాణాంతకం. వారంలో ఏదో ఒక రోజు ఖాయం చేసుకుని, క్యాలెండర్ మీద గీత పెట్టండి.

నాట్ల నీళ్లలో నానడం వల్ల వాతం వచ్చిందని మనవైపు చాలామంది నమ్ముతారు. తడికి నొప్పి ఎక్కువ అనిపించవచ్చు గానీ ఈ జబ్బుకు కారణం అది కాదు. పొగకు మాత్రం సంబంధం ఉంది. ఈ జబ్బు వచ్చే ముప్పును పొగాకు పొగ పెంచుతుంది, మందు పనితనాన్నీ తగ్గిస్తుంది. మీరు రాయలేదు గానీ, లంక పొగాకు చుట్ట కాల్చే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. అమ్మగారికి ఆ అలవాటుంటే మొహమాటపడకుండా డాక్టర్‌కు చెప్పండి.