జాగ్వార్ల జాతకాలు రాస్తున్న అల్లుడికి

అల్లుడూ,

నువ్వు పంపిన ఎక్సెల్ షీట్ తీరిగ్గా కూర్చుని చూశాను. మన వైమానిక దళం జాగ్వార్ యుద్ధ విమానాలకి ఒక్కోదానికి ఒక్కో వరస వేసి నంబరు, స్క్వాడ్రన్, వచ్చిన సంవత్సరం, ఇప్పటి పరిస్థితి అంటూ నింపుకుంటూ వచ్చావు. మీ నాన్నకి లేని ఓపిక నీకు బాగానే వచ్చింది. ఆ విమానాల కింద పడుకుని, ఒంటికి హైడ్రాలిక్ ఆయిల్ పూసుకుని ఏళ్లు గడిపినవాణ్ణి కాబట్టి నా మాట అడిగావు. మొహమాటం లేకుండా చెప్తాను, ఏమీ అనుకోకు.

ముందు ఆ 'స్టేటస్' కాలమ్ తీసెయ్. సగానికి పైగా వరసల్లో 'యాక్టివ్' అని రాశావు. ఎవరు చెప్పారు నీకు? ఏ ఎయిర్ షోలోనో పదిహేనేళ్ల కిందట తీసిన ఫోటో ఒకటి కనిపించింది, కూలిపోయినట్టు వార్త కనిపించలేదు, కాబట్టి ఎగురుతోంది అనుకున్నావు. స్పేర్ పార్టుల కోసం హ్యాంగర్ మూలన నెలల తరబడి నిలబడిపోయే విమానాలుంటాయి. దాని భాగాలు ఒక్కొక్కటే పక్క విమానాలకి వెళ్లిపోతుంటాయి. నంబరు మాత్రం తోక మీద అలాగే ఉంటుంది. అది యాక్టివ్ అనాలా, కాదనాలా? ఆ కాలమ్ బదులు రెండు పెట్టు. చివరిసారి కనిపించిన తేదీ ఒకటి, దానికి ఆధారం ఒకటి. ఆధారం లేకపోతే గడి ఖాళీగా వదిలెయ్. ఖాళీ గడి చూసి ఎవరూ నవ్వరు. ఊహ రాసి పెడితే మాత్రం నలుగురూ దాన్నే కాపీ కొట్టి, ఏడాది తిరిగేసరికి అదే నిజమని నీకే చూపిస్తారు.

రెండోది, ఒక విమానానికి ఒకే వరస అన్న పద్ధతి మానెయ్. స్క్వాడ్రన్ అని ఒక్క గడి పెట్టి అందులో 'టస్కర్స్' అని రాస్తే ఎలా? అంబాలాలో 5వ స్క్వాడ్రన్ టస్కర్స్, 14వ స్క్వాడ్రన్ బుల్స్ ఉండేవి. గోరఖ్‌పూర్‌లో 16వది కోబ్రాస్, 27వది ఫ్లేమింగ్ యారోస్. సముద్రం పని చూసుకోవడానికి 6వది డ్రాగన్స్. విమానం ఒకే స్క్వాడ్రన్‌ని పట్టుకుని వేలాడదు. ఓవర్‌హాల్‌కి, అంటే మొత్తం విప్పి బాగుచేయడానికి, బెంగళూరులో హెచ్‌ఏఎల్ విమానాల ఫ్యాక్టరీకి వెళ్తుంది, తిరిగొచ్చేటప్పుడు ఇంకో స్క్వాడ్రన్‌కి ఇస్తారు. అందుకని ఒక్కో సంఘటనకి ఒక్కో వరస వెయ్యి. విమానం నంబరు, తేదీ, ఏం జరిగింది, ఎక్కడ తెలిసింది, ఈ నాలుగే చాలు. ఒకే విమానానికి ఇరవై వరసలైనా పర్వాలేదు. జీవితచరిత్ర అంటే అదే కదా.

ఇక ఎక్సెల్ చేసే అల్లరి ఒకటి ఉంది. నువ్వు ఇంగ్లిష్ పొడి అక్షరాల్లో 'మార్చి 85' అని టైప్ చేస్తే అది తన తెలివి ఉపయోగించి 1985 మార్చి 1 అని మార్చేసి కూర్చుంటుంది. నీ షీట్లో ఒకటో తారీఖున పుట్టిన జాగ్వార్లు బోలెడు కనిపించడానికి కారణం ఇదే అనుకుంటున్నాను. ఆధారంలో నెల వరకే ఉంటే నెల వరకే రాయి, సంవత్సరమే ఉంటే సంవత్సరమే. ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చుకో. అలాగే ఒకే నంబరుని ఒకచోట గీత పెట్టి, ఒకచోట ఖాళీ వదిలి, ఇంకోచోట కలిపేసి రాశావు. కంప్యూటర్‌కి అవి మూడు వేర్వేరు విమానాలు. నీ మొత్తం ఎక్కువ వచ్చిందని టెన్షన్ పడటం కాదు, ముందు ఇది సరిచెయ్.

ఇప్పుడు అసలు విషయం, నంబర్ల సంగతి. మన జాగ్వార్లలో ముందు వచ్చినవి జేఐ సీరీస్, అంటే నంబరు జేఐ అక్షరాలతో మొదలయ్యేవి. 1978లో జాగ్వార్ని ఎంచుకున్నాక, మనకోసం కొత్తవి తయారయ్యేదాకా ఆగకుండా బ్రిటిష్ వైమానిక దళం తన సొంత విమానాలు 18 అప్పుగా ఇచ్చింది. 16 ఒంటి సీటువి, రెండు జంట సీటువి. 1979 జూలైలో అవి అంబాలాకి రావడం మొదలైంది. తర్వాత ఇంగ్లండులోని వార్టన్ ఫ్యాక్టరీలో మనకోసమే కట్టినవి 40. వాటిలో ఒంటి సీటువి జేఎస్ 101 నుంచి, జంట సీటువి జేటీ 051 నుంచి నంబర్లు వేసుకొచ్చారు. ఆ తర్వాతివి హెచ్‌ఏఎల్ బెంగళూరులో. అక్కడ కట్టిన మొదటిది 1982లో ఎగిరింది. జేఎం అని ఉన్నవి సముద్రం మీద ఓడల్ని వేటాడటానికి ముక్కులో రాడార్ పెట్టినవి.

నీ షీట్లో జేఐ వరసలు పద్దెనిమిదికీ 'రిటైర్డ్' అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. నిజానికి ఈ మొత్తంలో చదవదగ్గ చరిత్రలున్నవి అవే! అప్పు తీరాక చాలావరకు తిరిగి బ్రిటన్ వెళ్లిపోయాయి, పాత నంబర్లతో మళ్లీ కొలువులో చేరాయి. జేఐ 010ని తీసుకో. అది బ్రిటిష్ దళంలో ఎక్స్ఎక్స్ 725. మన గుర్తులు వేసుకుని ఇక్కడ ఎగిరి, తిరిగెళ్లి, 1991 గల్ఫ్ యుద్ధంలో ఇరాక్ మీద దాడులకి వెళ్లింది. నువ్వు రిటైర్డ్ అని కొట్టిపారేసిన విమానం ఆ తర్వాత యుద్ధమే చేసొచ్చిందన్నమాట. ఆ జట్టులోదే ఇంకొకటి తర్వాత ఒమన్ చేరింది. మూడు దేశాల గుర్తులు మోసిన విమానం అది. ఇలాంటివి ఇంగ్లండులో విమానాల నంబర్లు రాసుకునే అలవాటున్న జనం ఎప్పుడో తెగ రాసి పెట్టారు. వాళ్ల జాబితాలో ఎక్స్ఎక్స్ నంబరు కింద వెతుకు, మన నంబరు కింద వెతికితే దొరకవు.

స్థలం కొనేటప్పుడు లాయరు లింకు డాక్యుమెంట్లు అడుగుతాడు చూడు, ఇక్కడా అదే పని. నంబరు మారిన ప్రతిచోటా పాత నంబరుకీ కొత్త నంబరుకీ మధ్య ఒక కాగితం ఉండాలి. వార్టన్‌లో కట్టిన కొత్త విమానం మన దగ్గరికి రాకముందు జీ-27 అని మొదలయ్యే ఫ్యాక్టరీ గుర్తుతో ఎగిరేది. బ్రిటన్‌లో విమానాన్ని ఎగరడం ఆపి కుర్రాళ్లకి పని నేర్పే బడికి ఇస్తే, చివర ఎం అక్షరంతో ఇంకో నంబరు అంటగడతారు. ఈ లెక్కన ఒక్క విమానమే నాలుగు పేర్లతో నాలుగు జాబితాల్లో తిరుగుతుంది. ఈ పేర్లన్నీ ఒకే చోట కట్టడానికి 'పాత నంబర్లు' అని ఒక షీట్ విడిగా పెట్టుకో.

ముక్కు చూసి రకం చెప్పొచ్చని రాశావు. ఒకప్పుడు చెప్పొచ్చు. ఒంటి సీటు జాగ్వార్‌కి లేజర్ కోసం ఉలి మొనలా కోసిన ముక్కు, జేఎంకి రాడార్ ఉన్న గుండ్రటి ముక్కు. కానీ డారిన్-3 అని పాత విమానాలకి కొత్త ఎలక్ట్రానిక్స్ పెట్టిన అప్‌గ్రేడ్‌లో మామూలు జేఎస్‌కి కూడా రాడార్ ముక్కు వచ్చింది. ఇప్పుడు దూరం నుంచి తీసిన ఫోటోలో ముక్కు చూసి జేఎం అని రాస్తే తప్పులో కాలేసినట్టే. నంబరు కనపడితేనే రాయి. రంగులు చూసీ నమ్మకు, పెయింట్ షాపులోకి వెళ్లొచ్చిన ప్రతిసారీ విమానం కొత్త మనిషి అవుతుంది.

ఇంకో తిరకాసు ఉంది. నేను ఎయిర్‌ఫ్రేమ్ వాణ్ణి, అంటే ఇంజిన్ కాకుండా విమానం ఒళ్లు చూసేవాణ్ణి, ఇది బాగా తెలుసు. జాగ్వార్ ఒళ్లంతా విప్పదీసే ప్యానెళ్లే. స్క్రూలు ఊడదీసి లోపలివైపు తిప్పి చూస్తే, చాలాసార్లు అక్కడ విమానం నంబరు రాసి ఉంటుంది, ఏది ఎక్కడిదో కలిసిపోకుండా ఉండటానికి. ఒక్కోసారి తోక మీద ఒక నంబరు, ప్యానెల్ లోపల ఇంకో నంబరు. స్పేర్ లేక పక్క విమానం నుంచి తెచ్చి బిగించారన్నమాట. ప్రదర్శనకి పెట్టిన పాత విమానాల్లో ఇది మరీ ఎక్కువ. ముక్కు ఒకదానిది, రెక్క ఒకదానిది, పైన వేసిన నంబరు మూడోదానిది. ఇంజిన్ల సంగతైతే చెప్పక్కర్లేదు. వార్టన్‌లో కట్టినవాటిలో ఆడర్ 804 ఇంజిన్, బెంగళూరువాటిలో ఆడర్ 811. ఇంజిన్‌కి తన నంబరు, తన చరిత్ర వేరే ఉంటాయి. దాన్ని విమానం వరసలో కలపకు.

మరి ఇన్ని భాగాలు మారితే ఏది ఆ విమానం అంటావు కదూ? నా లెక్కలో మధ్య ఒళ్లు, అంటే రెక్కలు బిగించే ఫ్యూజిలాజ్ భాగం ఎక్కడుంటే విమానం అక్కడున్నట్టు. అలసట చేరేదీ అక్కడే. జాగ్వార్ నేలకి దగ్గరగా, బాగా వేగంగా పోతుంది. కింది గాలి కుదుపులన్నీ ఆ లోహం తింటుంది. అందుకే ఒకే ఏడాది పుట్టిన రెండు విమానాల్లో ఒకటి ముందు ముసలిదైపోతుంది. ఏ ఏడాది తయారైందన్నది చూసి ఆయుష్షు లెక్కగట్టకు. 2018లో ఫ్రాన్స్ తన పాత జాగ్వార్ ఎయిర్‌ఫ్రేములు 31 స్పేర్ల కోసం మనకి ఇస్తోందని పేపర్లలో వచ్చింది. ఫ్రాన్స్ వాటిని 2005లోనే మానేసింది. ఆ నంబర్లు దొరికితే వేరే షీట్లో రాయి. వాటిని మన లెక్కలో కలిపి 'ఫ్లీట్ పెరిగింది' అని రాసేవాళ్లని చూశాను. అవి భాగాలు ఇచ్చి పోయేవి, ఎగరడానికి వచ్చినవి కావు.

ఇప్పుడు కాస్త గట్టిగా చెప్పే మాట. ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ గోడ పక్కన పెద్ద లెన్స్ పెట్టుకుని నిలబడే ఆలోచన ఉంటే ఇవాళే మానుకో. మనది ఇంగ్లండు కాదు. అక్కడ కంచె బయట నిచ్చెనలేసుకుని ఫోటోలు తీస్తారు, ఎవరూ ఏమీ అనరు. ఇక్కడ అధికార రహస్యాల చట్టం ఉంది, 1923 నాటిది. పోలీసులు పట్టుకుంటే నువ్వు చరిత్ర రాస్తున్నానంటే వినేవాడెవడూ ఉండడు. జాగ్వార్ ఇంకా కొలువులో ఉన్న యుద్ధ విమానం. ఇవాళ ఏ నంబరు ఏ ఊళ్లో ఉందో నీ షీట్లో ఉండాల్సిన పనే లేదు. యెలహంకలో ఏరో ఇండియా విమాన ప్రదర్శన ఉంది, రిపబ్లిక్ డే ఫ్లైపాస్ట్ ఉంది, వైమానిక దళమే విడుదల చేసే ఫోటోలున్నాయి. అవి చాలు. వాటిలో కూడా తాజా ఫోటోల కంటే పాతవే నీకు ఎక్కువ పనికొస్తాయి.

ప్రతి విమానానికీ ఫారం 700 అని ఒక పుస్తకం ఉంటుంది. పైలట్ అందులో సంతకం పెట్టి విమానం తీసుకుంటాడు, దిగాక ఏ స్నాగ్, అంటే లోపం, వచ్చిందో రాస్తాడు, మేం సరిచేసి సంతకం పెడతాం. అసలు చరిత్ర అదే. అది నీకు దొరకదు, దొరకాలని ఎవర్నీ అడగకు. రిటైరైన టెక్నీషియన్లతో మాట్లాడేటప్పుడు కూడా జాగ్రత్త. 'జేఎస్ ఫలానా గురించి చెప్పండి అంకుల్' అంటే ఎవరికీ ఏమీ గుర్తురాదు. ఇంట్లో ఉన్న పాత ఫోటో చూపించమను. ఫోటో చేతికొచ్చిందంటే వాళ్లే మొదలుపెడతారు, ఇది ఎప్పుడూ స్టార్ట్ అవ్వడానికి మొండికేసేది, దీని మీద ఫలానా సార్ ఎగిరేవారు అని. ఫోటో వెనక స్టూడియో ముద్ర, తేదీ ఉంటే అవి కూడా స్కాన్ చెయ్. ఆ తేదీ ప్రింట్ వేసిన రోజుది, తీసిన రోజుది కాకపోవచ్చు, ఆ సంగతి పక్కన రాసుకో. మాటల మధ్య ఇప్పటి సంగతులు, బలహీనతలు వస్తే విని వదిలెయ్, రాయకు.

ప్రమాదాల కాలమ్ గురించి. 2025లోనే మూడు జాగ్వార్లు పోయాయి, మార్చిలో పంచకుల దగ్గర, ఏప్రిల్‌లో జామ్‌నగర్ దగ్గర, జూలైలో రాజస్థాన్ చురులో. మొదటిదాంట్లో పైలట్ బయటపడ్డాడు. జామ్‌నగర్‌లో ఒకరు పోయారు, చురులో ఇద్దరూ. నువ్వు కారణం గడిలో 'ఇంజిన్ ఫెయిల్' అని రాసేశావు. వైమానిక దళం విచారణ, అదే కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ, నివేదిక నువ్వు చదివావా? టీవీలో ఎవరో అన్నది కారణం కాదు. తేదీ, చోటు, వైమానిక దళం అధికారికంగా చెప్పిన మాట, అంతవరకే రాయి. శిథిలాల ఫోటో జూమ్ చేసి నంబరు వెతకడం నాకైతే నచ్చదు. ఆ నంబరు నెల తర్వాతైనా తెలుస్తుంది. ఆ ఇంటివాళ్లు చూసేచోట ఆ ఫోటో నీ పేరుతో తిరగకూడదు.

విశాఖలోనే ఉన్నావు కాబట్టి ఒక ఆదివారం బీచ్ రోడ్డులో టీయూ-142 విమానం మ్యూజియంకి వెళ్లు. అది దాడి విమానం కాదు, సముద్రం మీద గస్తీ తిరిగేది, కానీ చేతికి అలవాటు కావడానికి బాగుంటుంది. బయట రాసిన నంబరు, లోపల ప్లేట్ల మీద కనిపించే నంబర్లు విడివిడిగా రాసుకో. బోర్డు మీద రాసిన చరిత్రని అలాగే ఎత్తి రాయకుండా, 2017లో అర్కోణంలో అది కొలువు దిగేదాకా ఏయే సంఘటనకి వేరే ఆధారం దొరుకుతుందో చూడు.

అది చూసొచ్చాక జేఐ వరసలు పద్దెనిమిదీ నేను చెప్పిన పద్ధతిలో మళ్లీ రాసి పంపు. మిగతావాటి జోలికి అప్పుడే పోకు. ప్రతి గడి పక్కనా ఆధారం ఉండాలి, లేకపోతే ఎర్ర రంగు వేసి వెనక్కి పంపిస్తాను. మీ అమ్మతో ఫోన్ చేయమన్నానని చెప్పు. మీ అత్తయ్య మాగాయ పంపుతోంది, సీసా మూత సరిగ్గా బిగించిందో లేదో అందగానే చూసుకో.

మీ మావయ్య