ప్యాకేజీ 3.4 లక్షలే అని ఇల్లు తాకట్టు పెట్టకండి

ప్రశ్న: నమస్తే మేడం. మాది చింతల్. జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీలో పందొమ్మిదేళ్లుగా మెషిన్ ఆపరేటర్‌ని. జీతం 20,500, కటింగులు పోను చేతికి 18,300 దాకా వస్తుంది. మా పాప ఈ ఏడాది సీఎస్ఈ పూర్తి చేసింది. క్యాంపస్‌లో 3.4 లక్షల ప్యాకేజీతో ఉద్యోగం వచ్చింది, రెండేళ్ల బాండ్ అంటున్నారు. మా అక్క కొడుకు 2011లో ఇలాంటి ఉద్యోగంలోనే 3.25 లక్షలకు చేరాడు, ఇప్పుడు నార్సింగిలో ఫ్లాట్ కొన్నాడు. పదిహేనేళ్ల తర్వాత మా పాపకు కూడా అంతేనా? పాప క్లాస్‌మేట్ ఒకమ్మాయికి 14 లక్షలు వచ్చింది. మా బావమరిది ఇల్లు బ్యాంకులో పెట్టి 40 లక్షలు తెచ్చి పాపను అమెరికా పంపమంటున్నాడు. మాకున్నది ఆ వంద గజాల ఇల్లే. బాబు పదో తరగతి, వాడిని కూడా కంప్యూటర్స్‌లోనే వేద్దామనుకుంటున్నాం. ఏం చేయమంటారు?

జవాబు: అన్నా, ముందు ఒక మాట. 3.4 లక్షలు అన్నది మీ పాప చదువుకు వచ్చిన మార్కు కాదు. మీరు రాసిన తీరు చూస్తే ఆ అంకె విని ఇంటిల్లిపాదీ నీరుగారిపోయినట్టున్నారు, పాప అయితే చుట్టాలకు చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడుతూ ఉండొచ్చు. క్యాంపస్‌లో సెలెక్ట్ అయిన పిల్లలు తల దించుకుని నా దగ్గరికి రావడం ప్రతి ఏడాదీ చూస్తున్నాను, చూసినప్పుడల్లా కోపం వస్తుంది, పిల్లల మీద కాదు.

మీ అక్క కొడుకు లెక్క మీరు సరిగ్గానే పట్టుకున్నారు. నా దగ్గర ఆ ఏళ్ల బ్యాచ్‌ల ఆఫర్ లెటర్ల జిరాక్సులు ఇంకా ఫైల్లో ఉన్నాయి, ఎక్కువ శాతం మూడు నుంచి మూడున్నర లక్షల మధ్యే. ఇవాళ పిల్లలు తెచ్చి చూపించేవి కూడా అవే అంకెలు. కానీ ఈ మధ్యలో ధరలు రెట్టింపు దాటాయి. 2011లో 3.25 లక్షలతో నడిచిన బతుకు ఇవాళ నడవాలంటే కనీసం ఆరున్నర లక్షలు కావాలి. అంటే కాగితం మీద 15 వేలు పెరిగినట్టు కనిపిస్తున్నా, అసలు విలువలో మీ పాప జీతం మీ అక్క కొడుకు మొదటి జీతంలో సగమే. పాల ప్యాకెట్, గ్యాస్ బండ, హాస్టల్ ఫీజు, ఇంజనీరింగ్ ఫీజు ఏదీ అక్కడ ఆగలేదు, ఫ్రెషర్ జీతం మాత్రం ఆగింది.

ఎందుకు ఆగిందో తెలిస్తే మీకు నిర్ణయం తీసుకోవడం తేలికవుతుంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. వేరే కంపెనీలకు సాఫ్ట్‌వేర్ పని చేసిపెట్టే సర్వీస్ కంపెనీలకు విదేశీ క్లయింట్ ఇచ్చే డబ్బు చాలావరకు మనుషుల లెక్కన, గంటల లెక్కన వస్తుంది. పైన కొద్దిమంది అనుభవం ఉన్నవాళ్లు, కింద తక్కువ జీతానికి దొరికే ఫ్రెషర్లు ఎక్కువమంది ఉంటేనే లాభం నిలబడుతుంది, అందుకే ఆ కింది వరుస రేటును ఏళ్ల తరబడి కదలనివ్వలేదు. కదపాల్సిన అవసరం కూడా రాలేదు, ఎందుకంటే మన రాష్ట్రంలో బీటెక్ సీట్లలో సగానికి పైగా కంప్యూటర్ సైన్స్, దాని పిల్ల బ్రాంచీలే, ఒక్క పోస్టుకు అంతమంది లైన్లో నిలబడినప్పుడు ఎక్కువ ఇవ్వమని అడిగే బలం ఏ ఫ్రెషర్‌కూ ఉండదు. ఇప్పుడు ఆ కింది వరుస పనుల్లో కొంత ఏఐ టూల్స్ చేసేస్తున్నాయి కాబట్టి కంపెనీలు ఇంకా ఆచితూచి తీసుకుంటున్నాయి.

డబ్బు లేక ఇవ్వట్లేదా అంటే అదీ కాదన్నా. 2025 జనవరిలో కేంద్రం పార్లమెంటులో పెట్టిన ఆర్థిక సర్వేనే చెప్పింది: 2023-24లో పెద్ద కంపెనీల లాభాలు 22.3 శాతం పెరిగితే ఉద్యోగాలు 1.5 శాతమే పెరిగాయి, లాభాలు పదిహేనేళ్లలో ఎన్నడూ లేనంత ఎత్తులో ఉన్నా జీతాల పెరుగుదల మాత్రం తగ్గింది. పై మెట్టు జీతాలు ఎలా పోతున్నాయో చూడాలంటే ఇన్ఫోసిస్ వార్షిక నివేదిక చాలు, అక్కడ సీఈఓ సలీల్ పరేఖ్‌కు 2024-25లో షేర్లతో కలిపి 80 కోట్లు దాటింది. అది మీ పాప లాంటి 2,300 మందికి పైగా ఫ్రెషర్ల ఏడాది జీతం. లిస్టెడ్ కంపెనీ ఏదైనా సరే, పై అధికారి జీతం మధ్యస్థ ఉద్యోగి, అంటే జీతాల వరుసలో సరిగ్గా మధ్యలో ఉండే ఉద్యోగి జీతానికి ఎన్ని రెట్లో నివేదికలో రాయాలని చట్టం ఉంది, పాపను ఆ పేజీ తీసి చదవమనండి, తను చేరబోయే చోటు ఎలాంటిదో కొంత తెలుస్తుంది.

ఇక మీ సంగతి. మీరు మీ గురించి ఒక్క వాక్యమే రాసి పిల్లల దగ్గరికి వెళ్లిపోయారు, నేను మాత్రం ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో ఇచ్చిన భారత ఉపాధి నివేదిక ప్రకారం, మన దేశంలో నెల జీతం మీద పనిచేసేవాళ్ల సగటు సంపాదన ధరల పెరుగుదల తీసేసి చూస్తే 2012లో 12,100 రూపాయలు, 2022లో 10,925. పదేళ్లు పనిచేశాక ముందుకంటే తక్కువ. ఫ్యాక్టరీల్లో పర్మినెంట్ మనిషి పోగానే అదే మెషిన్ మీద కాంట్రాక్టు మనిషిని నిలబెడుతున్నారని మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2000 ప్రాంతంలో ఫ్యాక్టరీ కార్మికుల్లో కాంట్రాక్టు వాళ్లు ఇరవై శాతం చుట్టూ ఉంటే 2022-23కి నలభై దాటారు, పక్క మెషిన్ మీద తక్కువకు చేసే మనిషి ఉన్నప్పుడు మీరు జీతం పెంచమని ఎలా అడుగుతారు? మీకూ పాపకూ జరుగుతున్నది ఒకటే, ఆమెది ఏసీ గది, మీది షెడ్డు, అంతే తేడా.

ఇప్పుడు పాప జీతం చేతికి ఎంత వస్తుందో చూద్దాం. 3.4 లక్షలను పన్నెండుతో భాగిస్తే 28,333. అంత వస్తుందనుకోకండి. అందులో కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ కలిపే ప్యాకేజీ అని రాస్తారు, పైగా వేరియబుల్ పే అని ఏడాది చివర ఇచ్చేది ఒకటి ఉంటుంది, వస్తే వస్తుంది లేకపోతే లేదు. అవన్నీ తీసేసి, పాప వైపు పీఎఫ్ 1,700, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 కూడా పోతే చేతికి 21,500 దగ్గర ఆగుతుంది. పందొమ్మిదేళ్లు మెషిన్ దగ్గర నిలబడ్డ మీకంటే మొదటి నెలే ఆమెకు మూడు వేలు ఎక్కువ. ఇది చదివి సంతోషపడాలో బాధపడాలో మీకు తెలియదని నాకు తెలుసు.

దీని పక్కన 40 లక్షల అప్పు పెట్టండి. 11 శాతం వడ్డీ, పదేళ్లు అనుకుంటే నెల కిస్తీ 55 వేల పైనే, చదువుకునే రెండేళ్ల వడ్డీ అదనం. అక్కడ ఉద్యోగం కుదిరితే కట్టేయొచ్చు, నిజమే, అలా కట్టేసిన పిల్లలు నాకు చాలామంది తెలుసు. కుదరకపోతే, వీసా దగ్గర ఆగిపోతే, ఆ 55 వేలు మీ 18,300లోంచి కట్టాలి, లేదంటే ఇల్లు పోతుంది. ఈ రెండో దారి జరిగే అవకాశం ఇప్పుడు పదేళ్ల కిందటి కంటే ఎక్కువ ఉంది. 2025 సెప్టెంబరులో అమెరికాలో ఉద్యోగానికి ఇచ్చే హెచ్1బీ వీసా కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు అని అక్కడి అధ్యక్షుడు ఒక్క ప్రకటనతో చెప్పేశాడు, అక్కడే చదివి వీసా మార్చుకునే పిల్లలకు అది వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు, కానీ ఆ నెల రోజులు ఇక్కడ తల్లిదండ్రులు ఎంత టెన్షన్ పడ్డారో నేను కళ్లారా చూశాను. వేరే ఆస్తి ఉన్నవాళ్లు ఆ రిస్క్ తీసుకోవచ్చు. ఉన్న ఒక్క వంద గజాల ఇంటి మీద తీసుకోకూడదు, మీ బావమరిది ఎంత చెప్పినా సరే. రెండు మూడేళ్లు పనిచేశాక పాపకే వెళ్లాలనిపిస్తే అప్పుడు అనుభవం ఉంటుంది, చేతిలో కొంత డబ్బు ఉంటుంది, స్కాలర్‌షిప్ అడిగే ధైర్యం ఉంటుంది, ఆ రోజు మళ్లీ మాట్లాడుకుందాం.

కాబట్టి చేరమనండి. కానీ స్థిరపడటానికి చేరుతున్నాననుకోకుండా రెండేళ్లలో బయటపడే మనిషిగా చేరమనండి. ఆ 14 లక్షల అమ్మాయికి వచ్చింది బహుశా సొంత సాఫ్ట్‌వేర్ తయారుచేసి అమ్ముకునే ప్రొడక్ట్ కంపెనీలోనో, విదేశీ కంపెనీలు సొంతంగా ఇక్కడ పెట్టుకున్న సెంటర్లలోనో అయి ఉంటుంది. జీసీసీలంటారు వాటిని, హైదరాబాద్‌లో 350కి పైగా ఉన్నాయి. వాటికి తలల లెక్కన బిల్లు వేసే పని లేదు కాబట్టి పని వచ్చినవాళ్లకు డబ్బు పెడతాయి. వాటిలో చాలావరకు ఫ్రెషర్లను తక్కువగా, రెండు మూడేళ్ల అనుభవం ఉన్నవాళ్లను ఎక్కువగా తీసుకుంటాయి, మీ పాపకు తలుపు తెరుచుకునేది అక్కడే. ఆ అమ్మాయికి మొదటి ఏడాదే మంచి ల్యాప్‌టాప్, ఇంట్లో దారి చూపే అన్నయ్యో అక్కో ఉండి ఉండొచ్చు. మీ పాపకు లేకపోవడం తెలివి తక్కువ కావడం కాదు. మీ అక్క కొడుకు కూడా ఫ్లాట్ కొన్నది ఆ 3.25 లక్షలతో కాదు, మధ్యలో ఎన్ని కంపెనీలు మారాడో, ఎప్పుడు మారాడో ఒకసారి కూర్చోబెట్టి అడగండి, పాపకు అది నేను చెప్పే దానికంటే బాగా ఎక్కుతుంది.

ఈ రెండేళ్లలో అన్నిటికంటే ముఖ్యమైనది ఏ ప్రాజెక్టులో పడుతుందన్నది. రాత్రంతా టికెట్లు, అంటే క్లయింట్ల ఫిర్యాదులు మూసే సపోర్ట్ పనిలో వేస్తే ఆరు నెలల్లోపే మేనేజర్‌ను అడిగి డెవలప్‌మెంట్ వైపో, డేటా వైపో, ఆటోమేషన్ టెస్టింగ్ వైపో మారాలి. మొహమాటపడి అక్కడే ఉండిపోతే రెండేళ్ల తర్వాత ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఏమీ ఉండదు, ఆడపిల్లలు ఈ అడగడం దగ్గరే ఎక్కువ వెనకబడటం చూశాను, అందుకే మీరు వెనక నిలబడి అడగమని చెప్పాలి. రోజుకు గంట చదువు ఆగకూడదు. అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు చేరినా పర్లేదు గానీ దాని సర్టిఫికెట్‌కు ఎవరూ జీతం ఇవ్వరు, తను చేసిన పని చూపించగలగాలి. ఇంకో లాభం మీకుంది. ఇల్లు ఇక్కడే కాబట్టి హాస్టల్‌కు ఎనిమిది వేలు పోవు, బాలానగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే రాయదుర్గం దాకా వెళ్లిపోవచ్చు. కరీంనగర్ నుంచో ఖమ్మం నుంచో వచ్చిన పిల్లకు ఇదే 21,500లో ఏమీ మిగలదు, మీ పాపకు నెలకు పది వేలు పక్కన పెట్టే వీలుంది. ఆ డబ్బు ఇంటి ఖర్చులోకి లాగకండి, దయచేసి. బాండ్ తెంచుకోవాల్సి వచ్చినా, ఉద్యోగం పోయినా అదే కాపాడుతుంది.

బాండ్ గురించి భయపడొద్దు, కానీ చదవకుండా సంతకం పెట్టనివ్వొద్దు. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, రెండేళ్లు ఎప్పటినుంచి లెక్క, ట్రైనింగ్ కలుస్తుందా అన్నవి చూడాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వొద్దు, చూపించి వెనక్కి తెచ్చుకోవాలి. జాయినింగ్ ఆలస్యమవుతోందని మధ్యలో ఎవడో బ్యాక్‌డోర్ ఉద్యోగం ఇప్పిస్తా, రెండు లక్షలు కట్టమంటాడు, అటు పోవద్దు. డబ్బు తీసుకుని ఇచ్చేది ఉద్యోగం కాదు, ఆ డబ్బు పోగొట్టుకున్న కుటుంబాలను చాలా చూశాను.

బాబు విషయంలో తొందరపడకండి. అక్క వెళ్లింది కదా అని వాడిని అదే లైన్లో నిలబెట్టడం నాకు ఇష్టం లేదు, ముఖ్యంగా మేనేజ్‌మెంట్ సీటు కొని అసలే వద్దు. మీ ఇంటికి దగ్గర్లోనే బాలానగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ (సీఐటీడీ) ఉంది, 1968 నుంచి నడుస్తోంది, పదో తరగతి తర్వాత టూల్ అండ్ డై, అంటే ఫ్యాక్టరీలకు కావాల్సిన పనిముట్లు, అచ్చులు తయారుచేసే డిప్లొమా నాలుగేళ్లు చెప్తారు. మెషిన్ల మధ్య పెరిగిన పిల్లాడు, ఇష్టముంటే ఆ పని వాడికి పడుతుంది. మీరు మాత్రం వద్దంటారేమో, నేను పడ్డ కష్టం వాడికెందుకని. ఆపరేటర్ పని వేరు, డై డిజైన్ చేసి సెట్ చేసే మనిషి వేరు. రెండో రకం మనిషి జీడిమెట్లలో ఎంతకు దొరుకుతున్నాడో మీ ఫ్యాక్టరీలోనే కనుక్కోండి. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ కూడా రాయించండి. వాడికి ఏది ఇష్టమో ఒక్కసారైనా అడిగారా?

చివరగా మీ జీతం. మీ పే స్లిప్‌లో వీడీఏ, అంటే ధరలతో పాటు మారే కరువు భత్యం అనే లైను ఉందో లేదో చూడండి. మన రాష్ట్రంలో ధరల సూచీని బట్టి కనీస వేతనంలో దాన్ని ఏటా ఏప్రిల్‌లో, అక్టోబరులో మారుస్తారు, మీ కేటగిరీ సెమీ స్కిల్డ్ అని రాసి స్కిల్డ్ పని చేయిస్తున్నారేమో కూడా అక్కడే తెలుస్తుంది. పీఎఫ్ పాస్‌బుక్ ఉమంగ్ యాప్‌లో పాపను తీసి చూపమనండి, ప్రతి నెలా పడుతోందా అని. పీఎఫ్ జీత పరిమితిని 2014 సెప్టెంబరులో 15,000 చేసి పదేళ్లు దాటినా కదిలించలేదు, కార్మికుల వైద్య బీమా అయిన ఈఎస్ఐకి జీత పరిమితి 2017 జనవరిలో 21,000 చేశారు. మీరు 20,500 దగ్గర ఉన్నారు. రేపు మీకు వెయ్యి రూపాయలు పెంచితే 21,000 దాటుతుంది, ఆ ఆరు నెలల చందా పీరియడ్ అయ్యాక ఈఎస్ఐ చందా ఆగిపోతుంది, తర్వాత కొన్నాళ్లకు సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి మీకు, ఇంట్లో వాళ్లకు మూసుకుపోవచ్చు. కాబట్టి ఇంక్రిమెంట్ వచ్చే ముందే పరిమితి ఎంతుందో కనుక్కుని, పాప చేరాక వాళ్ల కంపెనీ ఇన్సూరెన్స్‌లో మిమ్మల్ని, వాళ్లమ్మను కలపొచ్చా అని మొదటి వారమే హెచ్ఆర్‌ను అడగమనండి. కొన్ని కంపెనీలు తల్లిదండ్రులకు కొంత ప్రీమియం కట్టించుకుని కలుపుతాయి, చేరిన కొద్దిరోజుల్లో పేర్లు ఇవ్వకపోతే మళ్లీ ఏడాది ఆగాలి.

ఆఫర్ లెటర్‌లో జీతం విడగొట్టి చూపే పేజీ, బాండ్ పేజీ రెండూ ఫోటో తీసి పంపండి అన్నా, సంతకం పెట్టే ముందే. పాపతో నేను విడిగా ఒకసారి మాట్లాడతాను.