మాట మార్చితే ఓటు పోతుందా?

ప్రశ్న: యుద్ధం విషయంలో మాట మార్చిన నాయకుణ్ణి ఓటర్లు నిజంగా శిక్షిస్తారాండీ? నాలుగు రోజుల్లో మర్చిపోతారేమో అని నా అనుమానం. – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మర్చిపోనివ్వరండీ, ప్రత్యర్థులు ఊరుకుంటేగా! 2004 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో అప్పటి అధ్యక్షుడు బుష్ మీద పోటీ చేసిన జాన్ కెర్రీ సంగతే చూడండి. 2002 అక్టోబరులో ఇరాక్ మీద యుద్ధానికి అధికారమిచ్చే తీర్మానానికి సెనేట్‌లో (అక్కడి ఎగువసభ) సరేనన్నాడు, ఏడాది తిరిగేసరికి సైన్యానికి 8,700 కోట్ల డాలర్లు ఇచ్చే బిల్లుకు వద్దన్నాడు. కారణం లేకపోలేదు, ఆ డబ్బు ధనవంతుల పన్ను రాయితీలు తగ్గించి తెద్దామన్న సవరణకు ఓటేశాడు, అది నెగ్గలేదు. కానీ అడిగినప్పుడు ఏమన్నాడో తెలుసా? 'వ్యతిరేకంగా ఓటేసే ముందు అనుకూలంగానే వేశాను' అని! బుష్ వర్గానికి ఇంకేం కావాలి? అక్కడ మాట మార్చడాన్నీ హవాయి చెప్పుల్నీ 'ఫ్లిప్ ఫ్లాప్' అని ఒకే మాటతో పిలుస్తారు, ఇంకేముంది, బుష్ సభల్లో జనం చెప్పులు పైకెత్తి ఊపారు. కెర్రీ సముద్రంలో తెరచాప పలక మీద అటూ ఇటూ తిరిగే దృశ్యాన్ని టీవీ ప్రకటన చేసేశారు. ఓడిపోయాడు. అదొక్కటే కారణమంటే నేను ఒప్పుకోను గానీ, దెబ్బ మాత్రం గట్టిదే.

అయితే తమాషా ఏమిటంటే, అసలు యుద్ధం మొదలుపెట్టి, ఇరాక్ దగ్గర సామూహిక వినాశక ఆయుధాలున్నాయంటూ ఎక్కడా దొరకని వాటి కథ చెప్పిన బుష్ మాట మీద నిలబడ్డాడనిపించుకుని గెలిచాడు. 2008కి గాలి మారింది. 2002లోనే ఆ యుద్ధం వద్దన్న ఒబామా, అప్పట్లో సరేనన్న హిల్లరీ క్లింటన్‌ని అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే పార్టీ పోటీలో దాటేశాడు.