రాజోలు పక్క లంక తోటకి కొత్త ఫోర్ బై ఫోర్: థార్, జిమ్నీ, గూర్ఖాల్లో ఏది?

మీరు అడిగింది మహీంద్రా థార్, మారుతి జిమ్నీ, ఫోర్స్ గూర్ఖా గురించి: ఇల్లు రాజోలు దగ్గర, కొబ్బరితోట లంకలో, రొయ్యల చెరువు సముద్రం వైపు. వానాకాలంలో కూడా గట్ల మీద తిరగాలి. ఈ మూడింట్లో ఏది కొనాలి?

ధరల పట్టీ చూసేముందు ఒక మాటండి. థార్‌లో 1.5 లీటర్ల డీజిల్ బండి చవగ్గా కనిపిస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి దానికి జీఎస్టీ 18 శాతమే, 2.2 డీజిల్‌కైతే 40. అయితే ఆ 1.5 బండికి పవరు వెనక చక్రాలకే వెళ్తుంది. చూపుకి జీపు, బురదలో మామూలు కారు. బుకింగ్ కాగితం మీద ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకీ పవరు వెళ్ళే బండి అని రాసి ఉంటేనే సంతకం పెట్టండి.

మన ఒండ్రు మట్టి సంగతి కొండదారుల వీడియోల్లో కనబడదు. తడిస్తే జిగురులా పట్టేస్తుంది. కంపెనీ వేసే రోడ్డు టైరు గాడులు రెండు మూడు చుట్లలోనే నిండిపోయి, టైరు పూర్ణం బూరెలా నున్నగా తయారవుతుంది. అప్పుడు నాలుగు చక్రాలు తిరిగినా నాలుగూ జారడమే. అందుకే పై మోడల్‌కి పోసే డబ్బుతో ఏటీ టైర్లు (ఆల్ టెరైన్, అంటే రోడ్డుకీ మట్టికీ పనికొచ్చే లోతు గాడుల టైర్లు) వేయించుకోండి, అదీ కంపెనీ చెప్పిన సైజులోనే. బురదలోకి దిగేముందు గాలి 18–20 పీఎస్ఐకి దించండి, తారు రోడ్డెక్కగానే మళ్ళీ నింపండి. 12 వోల్టుల చిన్న కంప్రెసర్ డిక్కీలో ఉండాల్సిందే. దమ్ము చేసిన చేలోకి మాత్రం ఏ బండీ దించకండి, అది ట్రాక్టరు పని.

గట్టు మీద అసలు లెక్క వెడల్పుది. జిమ్నీ 1645 మిల్లీమీటర్లు, థార్ 1820, అయిదు తలుపుల థార్ రాక్స్ 1870. ఎనిమిది అడుగుల గట్టంటే 2440. ఎదురుగా కొబ్బరికాయల ఆటో వస్తే ఎవరో ఒకరు అంచుకి జరగాలి. ఆ అంచు కింద ఎండ్రకాయ బొరియలుంటాయి, పైకి గట్టిగా కనబడ్డా బరువు పడగానే జారిపోతుంది. జిమ్నీ బరువు 1200 కిలోల చుట్టూ, గూర్ఖా రెండు టన్నులు. గట్ల మీద తిరగడానికే అయితే నా ఓటు జిమ్నీకే. దాని లోటు చోటు: నలుగురికే సీట్లు, డిక్కీ 208 లీటర్లే. మేత బస్తాలు రోజూ వేసుకెళ్ళాలంటే వెనక సీటు మడిచే ఉంచాలి. మనుషులు ఎక్కువైతే అయిదు తలుపుల గూర్ఖా చూడొచ్చు, ముందూ వెనకా డిఫరెన్షియల్ లాకులు (ఒక చక్రం జారినా పక్క చక్రం కూడా తిరిగేలా చేసేవి) కంపెనీ నుంచే వస్తాయి. సర్వీసు సెంటరు ఎంత దూరమో కనుక్కున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.

థార్ 650 మిల్లీమీటర్ల నీళ్ళలో, గూర్ఖా 700లో వెళ్తాయని కంపెనీలు చెప్పేది నిలవ నీళ్ళ సంగతి. ధవళేశ్వరంలో గోదావరి మట్టం 11.75 అడుగులకి చేరి మొదటి హెచ్చరిక ఇచ్చేసరికి కనకాయలంక లాంటి కాజ్‌వేల మీద నీళ్ళు పారుతుంటాయి. పారే నీళ్ళు రెండడుగులుంటే చాలు బండి తేలి పక్కకి పోతుంది. అప్పుడు పడవే ఎక్కాలి. నిలవ నీళ్ళయినా కర్రతో లోతు చూసి, ఫోర్ ఎల్‌లో (నాలుగు చక్రాలకీ తక్కువ వేగం, ఎక్కువ బలం ఇచ్చే గేరు) మొదటి గేరు వేసి, యాక్సిలరేటర్ వదలకుండా నెమ్మదిగా దాటండి. మధ్యలో ఆగిపోతే మళ్ళీ స్టార్ట్ చేయకండి. సిలిండర్‌లోకి చేరిన నీళ్ళని పిస్టన్ నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. మామూలు పాలసీ దీనికి డబ్బివ్వదు కాబట్టి ఇంజిన్ ప్రొటెక్ట్ యాడాన్ తీసుకోండి. ఇన్సూరెన్స్ షోరూములోనే కట్టాలనేం లేదు, బయట ధర కూడా అడగండి.

ఇంకోటి. వేడెక్కిన యాక్సిల్ చన్నీళ్ళలో దిగగానే లోపలి గాలి కుంచించుకుంటుంది. యాక్సిల్‌కి గాలి ఆడే దారి, అంటే బ్రీదర్, మూసుకుపోయి ఉంటే సీళ్ళ దగ్గర్నుంచి నీళ్ళు లాగేస్తుంది. లోతు నీళ్ళు దాటిన వారంలో డిఫరెన్షియల్ ఆయిల్ ఒక చుక్క తీసి చూడండి. పాలు కలిపిన టీలా ఉంటే ఆయిల్ మార్చాల్సిందే.

చెరువు ఉప్పునీళ్ళు తగిలిన రోజే బండి అడుగుని మంచినీళ్ళతో కడగండి. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే ఆ కడగడం వల్ల లాభం లేదు. కొత్త బండిలోనే చాసిస్ వెల్డింగుల మీద, గొట్టాల్లాంటి బోలు భాగాల లోపల యాంటీ రస్ట్ కొట్టించండి. సైలెన్సర్, బ్రేక్ డిస్కుల మీద పడనివ్వకండి. బ్రేక్ కాలిపర్ పిన్నులు బిగుసుకుపోవడం ఇక్కడ మామూలే, ఆర్నెల్లకోసారి గ్రీజు పెట్టించండి.

డెలివరీ రోజు వీఐఎన్ (బండి గుర్తింపు నంబరు) ప్లేటు మీద తయారైన నెల చూసుకోండి. మట్టి నేల మీద ఫోర్ హెచ్ (నాలుగు చక్రాలకీ పవరు, మామూలు వేగం), ఆపి న్యూట్రల్‌లో ఫోర్ ఎల్ వేయించి చూడండి. ఎండిన తారు మీద వేసి మలుపు తిప్పితే స్టీరింగ్ బిగుసుకుంటుంది, అది రిపేరు కాదు. ముందూ వెనకా టో హుక్కులు ఎక్కడున్నాయో కూడా అప్పుడే చూపించమనండి. దిగబడ్డప్పుడు సాయానికొచ్చే ట్రాక్టరు డ్రైవరు గొలుసుని బంపర్‌కో, చక్రాన్ని స్టీరింగ్‌తో కలిపే టై రాడ్‌కో కట్టేస్తాడు, దాంతో బురద పోగొట్టినదానికంటే ఆ లాగుడు పోగొట్టేదే ఎక్కువవుతుంది.