స్టుట్‌గార్ట్ వెళ్ళేముందు ఎవరి మాట ఎంతవరకు వినాలి

చి. సౌ. అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

జర్మనీలో, స్టుట్‌గార్ట్‌లో నీకు ఉద్యోగం ఖాయమైందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ పట్టుకుని అక్కడున్నవాళ్ళు రాసినవి చదువుతున్నావనీ, ఒకరోజు ఎగిరి గంతేసి మర్నాడు అసలు వెళ్ళడమే వద్దంటున్నావనీ కూడా చెప్పింది. చదవడం మంచిదే. నేను వెళ్ళినప్పుడు చెప్పేవాళ్ళే లేరు. కానీ అందరి మాటా ఒకేలా తీసుకుంటే ఇలాగే టెన్షన్ పడతావు.

ముందు రాసినవాళ్ళ పరిస్థితి ఏమిటో చూడు. కంపెనీ పంపితే వెళ్ళినవాళ్ళకి ఇల్లు కూడా చాలాసార్లు కంపెనీయే చూసిపెడుతుంది. అలాంటివాళ్ళు ‘ఇల్లు దొరకడం పెద్ద కష్టమేం కాదు’ అని రాస్తే అది అబద్ధం కాదు, నీకు పనికిరాదంతే. హాస్టల్లో ఉండి ఎమ్మెస్ చదివే కుర్రాళ్ళ మాటలూ అంతే. నీలా మూడేళ్ళ పిల్లని వెంటబెట్టుకుని వెళ్ళినవాళ్ళు ఏం రాశారో వెతుకు. ఉద్యోగం నీది, వెంట వచ్చేది అల్లుడు కాబట్టి, భార్య ఉద్యోగం మీద వెళ్ళిన మగవాళ్ళు రాసినవి అతన్ని చదవమను. తక్కువే ఉంటాయి, కానీ ఉన్నవి బాగుంటాయి.

ఊరు కూడా చూసుకో. బెర్లిన్‌లో కిటాకి, అంటే బడికి ముందు పిల్లల్ని ఉంచే చోటుకి, 2018 ఆగస్టు నుంచి ఫీజు లేదు, భోజనం ఖర్చు తప్ప. అది చదివి జర్మనీ అంతా ఫ్రీ అనుకున్నావో, స్టుట్‌గార్ట్‌లో బిల్లు చూసి కళ్ళు తిరుగుతాయి. ఇక తేదీ. దూరం వెళ్ళే ఎక్స్‌ప్రెస్ రైళ్ళు తప్ప మిగతా రైళ్ళలో, బస్సుల్లో దేశమంతా తిరగనిచ్చే నెల టికెట్ 2023 మేలో 49 యూరోలతో మొదలైంది. 2025లో 58 చేశారు, 2026లో 63. ఇప్పటికీ 49 అని చెప్పే పాత రాతలు కోకొల్లలు. ధరలు, వీసా, లైసెన్సు లాంటివి ప్రభుత్వ సైట్లలోనే చూడు. (మన లైసెన్సు అక్కడ ఆరు నెలలే చెల్లుతుంది, అల్లుడికి ఇప్పుడే చెప్పు.)

ప్రభుత్వ సైట్లో దొరకనిది ఒకటుంది, దానికోసమే ఈ మనుషులు కావాలి. కిటాలో సీటు దొరికిందనుకో. సోమవారం పొద్దున బుజ్జిదాన్ని దింపేసి ఆఫీసుకి పోవచ్చనుకుంటున్నావు కదూ? కుదరదు. మొదట్లో తల్లో తండ్రో పిల్ల పక్కనే కూర్చోవాలి. మొదటి రోజుల్లో గంటసేపు ఉంచి ఇంటికి తీసుకెళ్ళమంటారు. తర్వాత నిన్ను పక్క గదిలోకి వెళ్ళమని పిల్ల ఏడుస్తుందేమో చూస్తారు. ఊరుకోబెట్టినా ఊరుకోకపోతే ఇంకొన్నాళ్ళు నువ్వు పక్కనే కూర్చోవాలి. ఇలా కొన్ని వారాలు పడుతుంది. కాబట్టి అల్లుడు కూడా వెళ్ళగానే ఉద్యోగంలో చేరితే బుజ్జిదాని పక్కన కూర్చునేదెవరు? ఇలాంటిది పిల్లని అలా దింపి వచ్చినవాళ్ళే చెప్పగలరు.

ఇంకోటి కేర్‌వోఖ. అది స్టుట్‌గార్ట్ ప్రాంతంలో పుట్టిన ఆనవాయితీ, బెర్లిన్ వాళ్ళనడిగితే నవ్వుతారు. మెట్లు, నేలమాళిగ, ఇంటిముందు కాలిబాట వారానికొక ఇంటివాళ్ళు తుడవాలి. నీ వంతు రాగానే తలుపుకి చిన్న పలక తగిలించి ఉంటుంది. తుడిచాక దాన్ని పక్కింటివాళ్ళ తలుపుకి తగిలించాలి. మట్టి లేదు కదా అని ఊరుకుంటే కుదరదు, చూసేవాళ్ళు చూస్తూనే ఉంటారు. ఈమధ్య చాలాచోట్ల డబ్బిచ్చి మనుషుల్ని పెడుతున్నారు. ఇల్లు మాట్లాడుకునేటప్పుడే అడుగు.

ఇంటి సంగతి వచ్చింది కాబట్టి, అద్దె అని రాసిన అంకెలో హీటింగూ నీళ్ళూ కలిశాయో లేదో చూడు. వంటగది ఫొటో కూడా. చాలా ఇళ్ళల్లో వంటగది అంటే నాలుగు గోడలూ ఒక కొళాయి గొట్టమూ అంతే. పొయ్యి, సింకు, అలమరలు పాతవాళ్ళు ఊడదీసుకుపోతారు. ఇల్లు చూడకుండా అడ్వాన్సు అడిగితే ఒక్క పైసా పంపకు.

‘జర్మన్లు ముభావంగా ఉంటారు’, ‘అక్కడ లైఫ్ సూపర్’ లాంటి వాక్యాలు వచ్చినచోట కళ్ళు మూసుకుని కిందికి జరుపు. ఏం జరిగిందో రాసినచోట ఆగు. ఒకే మనిషి రాసినవి మొదటి నెల నుంచి మూడో ఏడు దాకా వరసగా చదివితే ఇంకా మంచిది. జూన్‌లో రాత్రి తొమ్మిదింటికి వెలుతురుందని మురిసిపోయినవాళ్ళే డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నరకి చీకటి పడుతోందని ఏడుస్తారు. రెండూ నిజమే. రెండో డిసెంబర్‌లో ఏం చేశారో చూడు, అది నీకు పనికొస్తుంది.

ఇప్పుడొక పని చెయ్యి. నువ్వూ అల్లుడూ కూర్చుని అక్కడి ఒక మామూలు మంగళవారం కాగితం మీద రాయండి. పొద్దున ఆరున్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా గంట గంటకీ. మధ్యాహ్నం కిటా నుంచి ‘పిల్లకి జ్వరం, తీసుకెళ్ళండి’ అని ఫోనొస్తే ఎవరు వెళ్తారు, ఏ రైల్లో? ఆదివారం కొట్లు మూసేస్తారు కాబట్టి శనివారం ఏం కొనాలి? ఎక్కడ పెన్ను ఆగిపోతే అదే నీ ప్రశ్న. అక్కడున్నవాళ్ళని అలాంటిదే అడుగు. ‘అక్కడ ఎలా ఉంటుందండీ’ అంటే ‘బాగుంటుందండీ’ అనే జవాబొస్తుంది.

మనవాళ్ళవే కాకుండా టర్కీ వాళ్ళవీ బ్రెజిల్ వాళ్ళవీ కూడా చూడు. మనవాళ్ళు సోనామసూరి బియ్యం ఎక్కడ దొరుకుతుందో బ్రహ్మాండంగా చెబుతారు గానీ పక్కింటివాళ్ళ గురించి ఒక్క ముక్క రాయరు.

‘నేను ఇంటి నుంచి నెయ్యి తెచ్చుకున్నాను, ఎవరూ ఆపలేదు’ అనేవాళ్ళ మాట మాత్రం వినకు. వాళ్ళ అదృష్టం నీకు రూలు కాదు. మన దేశం నుంచి పాలతో చేసినవి తీసుకెళ్ళడానికి యూరోపియన్ యూనియన్ ఒప్పుకోదు. మీ అమ్మ నెయ్యి డబ్బా సీలు చేయిస్తోందట, ఆపించు. పాలకోవా కూడా వద్దు. పచ్చి కరివేపాకు, మామిడికాయలు సర్టిఫికెట్ లేకుండా కుదరవు. ఆవకాయకి ఇబ్బంది లేదు, చెక్-ఇన్ లగేజీలో పెట్టు. అక్కడి వెన్న బాగుంటుంది, ఉప్పు లేనిది కొనుక్కుని నెయ్యి కాచుకో.

మంగళవారం కాగితం రాశాక నాకు ఫొటో తీసి పంపు.

మీ పెద్దమ్మ